ప్రాజెక్ట్ మేనేజర్లకు: బెంగళూరులోనే ఉండాలా, తిరుపతికి రావాలా, అసలు ఈ పనే మానాలా?

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వెళ్లి బెంగళూరులోనో చెన్నైలోనో ప్రాజెక్ట్ మేనేజర్లుగా చేస్తున్నవాళ్లు నలభై దగ్గరపడేసరికి దాదాపు ఒకే మాట అడుగుతారు: "ఊరికి దగ్గర్లో ఏదైనా చూసుకుంటే బాగుంటుందా అన్నా?" ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి ఊరిది, రెండోది పనిది. అమ్మానాన్నల వయసు, పిల్లల స్కూలు, శుక్రవారం రాత్రి బస్సు అవస్థ, ఇవన్నీ ఊరి ప్రశ్నలు. "పొద్దున్నుంచి రాత్రి దాకా కాల్సే, ఇంతకీ నేను చేసిందేంటి?" అనేది పని ప్రశ్న. ఊరు మారితే మొదటిది తీరుతుంది. రెండోది తీరకపోగా ఒక్కోసారి ముదురుతుంది. అందుకే జీతం, అద్దె, దూరం లెక్కలు కాస్త పక్కన పెట్టి ముందు పని సంగతి చూద్దాం.

మన దగ్గర చాలామంది ప్రాజెక్ట్ మేనేజర్ కావాలని చదువుకుని అయినవాళ్లు కాదు. బాగా కోడ్ రాసే కుర్రాడు ఏడెనిమిదేళ్లకి టీమ్ లీడ్ అవుతాడు. ఆ పైన జీతం పెరగాలంటే కంపెనీలో ఉన్న దారి అదొక్కటే కాబట్టి మేనేజర్ అవుతాడు. ఇక అక్కడి నుంచి, తనకి బాగా వచ్చిన పనిని వేరేవాళ్లు తనకన్నా నెమ్మదిగా చేస్తుంటే చూస్తూ, తేదీలు అడుగుతూ, ఆ తేదీలు ఎందుకు తప్పాయో పైవాళ్లకి చెబుతూ గడపాలి. చేతిలో ఉన్న విద్య పోతోంది, కొత్త విద్య ఏమిటో స్పష్టంగా తెలియదు. మెకానికల్ ఇంజనీరుకీ, డాక్టరుకీ, లాయరుకీ లేని ఇబ్బంది ఇది. వాళ్లు కంపెనీ వదిలేసినా వాళ్ల విద్య వాళ్లతోనే ఉంటుంది. ప్రాజెక్ట్ మేనేజర్ అనే పేరు మాత్రం ఎక్కువగా కంపెనీ ఇచ్చిన కుర్చీకి అతుక్కుని ఉంటుంది.

పైగా బాగా నడిచిన ప్రాజెక్టులో మేనేజర్ కనపడడు. తిరుపతిలో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ చూడండి. ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు సాగింది, గరుడ వారధి అన్న పేరు ఎలా మారింది, 2023 సెప్టెంబరులో ఎవరు ప్రారంభించారు, ఇవన్నీ ఊళ్లో ఆటో డ్రైవరు కూడా చెబుతాడు. ఆ పనిని రోజూ లాక్కొచ్చిన ప్రాజెక్ట్ మేనేజర్ పేరు అడగండి, ఒక్కరికీ తెలియదు. కింద ట్రాఫిక్ జామ్ అయిన రోజుల్లో మాత్రం ఆ పేరు తెలియని మనిషిని అందరూ తిట్టే ఉంటారు.

ఈ విషయంలో రెండు పాత పరిశోధనలు ఇప్పటికీ పనికొస్తాయి. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ అడిగి తేల్చింది ఏమిటంటే, పనిలో చిరాకు పెట్టేవి వేరు, తృప్తి ఇచ్చేవి వేరు. కంపెనీ రూల్సు, బాస్ తీరు, జీతం, పనిచేసే చోటు, ఇవి బాగాలేకపోతే చిరాకు. బాగుంటే చిరాకు తగ్గుతుంది, అంతవరకే. తృప్తి రావాలంటే ఏదో సాధించామన్న భావన, గుర్తింపు, పని స్వభావం, బాధ్యత, ఎదుగుదల, ఇవి కావాలి. బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ తప్పడం, ఇంటి భోజనం దొరకడం మొదటి రకం. తిరుపతికి వచ్చిన తొలి ఏడాది హాయిగా ఉండి రెండో ఏడాది మళ్లీ అదే వెలితి మొదలవడానికి కారణం ఇక్కడే ఉంది.

రెండోది 1970ల్లో రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ చెప్పింది. పని మనసుకి పట్టాలంటే అందులో అయిదు ఉండాలన్నారు: రకరకాల నైపుణ్యాలు వాడాల్సి రావడం, పని మొదటి నుంచి చివరిదాకా మన చేతుల మీద నడవడం, దానివల్ల ఎవరికో మేలు జరగడం, మన నిర్ణయానికి చోటుండడం, చేసింది బాగుందో లేదో మనకి తెలియడం. ప్రాజెక్ట్ మేనేజర్ పనిలో మొదటిది దండిగా ఉంటుంది. ఉదయం బడ్జెట్, మధ్యాహ్నం ఇద్దరి మధ్య తగాదా, సాయంత్రం క్లయింట్‌కి నచ్చజెప్పడం. కరువు పడేది చివరి రెండింటికీ. అంటే నిర్ణయం, ఫలితం.

కాబట్టి ఏ ఉద్యోగాన్ని ఏ ఉద్యోగంతో పోల్చినా నేను ముందు చూసేది ఒక్కటే: బాధ్యత మీదైనప్పుడు అధికారం కూడా మీదేనా? మనిషిని టీమ్‌లోకి తీసుకోవడం, తీసెయ్యడం మీ చేతుల్లో ఉందా? కొనుగోలు ఆర్డరు మీద ఎవరు సంతకం పెడతారు? క్లయింట్ అదనంగా పని అడిగితే "ఇది ఒప్పందంలో లేదు, డబ్బూ టైమూ పెరుగుతాయి" అని మీరు చెప్పగలరా, లేక క్లయింట్‌తో వ్యాపారం చూసే అకౌంట్ మేనేజర్ మీ వెనకాలే "చేసేస్తాం సార్" అని ఒప్పుకుని వస్తాడా? తేదీ మీరు వేశారా, అమ్మకాల వాళ్లు వేసి మీకు అంటగట్టారా?

ఇంకొకటి, పని చెడితే మీ ముందు ఎవరు నిలబడతారు? ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకి వెళ్లి ఆ బాధ్యత తన మీద వేసుకున్నది మాత్రం ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమైతే విలేకరులతో మాట్లాడమని కలాంని ముందుకు పంపాడు. ఈ కథ మోటివేషన్ క్లాసుల్లో బాగా అరిగిపోయింది, నిజమే. కానీ అక్కడ కలాం గొప్పతనం గురించే చెబుతారు. ప్రాజెక్ట్ మేనేజర్ గమనించాల్సింది ధావన్‌ని. అలాంటి పైఅధికారి ఉన్న చోట సగటు జీతానికైనా పనిచేయొచ్చు. (శ్రీహరికోటలోని ఇస్రో కేంద్రం షార్‌లోనే ఉద్యోగం దొరుకుతుందా అని అడిగేవాళ్లూ ఉంటారు. అక్కడికి వెళ్లే దారి చదువైపోయిన కొత్తలో, వయసు పరిమితి లోపల. నలభైలో ఆ ఆశ పెట్టుకోకండి.)

ఇప్పుడు ఒక్కో దారి.

బెంగళూరు, చెన్నై సర్వీస్ కంపెనీలో కొనసాగడం

ఉన్నచోటే ఉండడాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. తీసుకోవాలి. సర్వీస్ కంపెనీలో, అంటే వేరే కంపెనీలకి సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే చోట, రెండు రకాల ప్రాజెక్టులు ఉంటాయి. మనుషుల గంటలకి బిల్లు వేసేవి, మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకునేవి. మొదటి రకంలో మేనేజర్ పని నిజానికి మనుషుల్ని సర్దడం. ఎవరు ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నారు, ఎవరు రాజీనామా ఇచ్చి నోటీసులో ఉన్నారు, ఈ నెల బిల్లింగ్ ఎంత, అంతే. ఏం కట్టాలో, ఎలా కట్టాలో క్లయింట్ మేనేజరే చెబుతాడు. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో టెన్షన్ రెట్టింపు. కానీ అక్కడ ప్లాన్ మీది, రిస్క్ మీది, మార్పు అడిగితే ధర చెప్పేదీ మీరే. "నాకు ఈ వృత్తే పడటంలేదు" అని వచ్చినవాళ్లని కాస్త కదిలిస్తే, ఎన్నో ఏళ్లుగా మొదటి రకం ప్రాజెక్టులే చేస్తూ ఉంటారు. వాళ్లు విసిగింది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చేసి కాదు, హాజరుపట్టీ నింపి నింపి.

అలాంటప్పుడు రాజీనామా కన్నా ముందు లోపలే అకౌంట్, అంటే క్లయింట్, మారడం చవకైన ప్రయోగం. కొత్త కంపెనీలో నమ్మకం మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. ఇక్కడ అది ఇప్పటికే ఉంది. పెద్ద ఊళ్లో ఇంకో లాభం కూడా ఉంది, ఈ ఉద్యోగం పోయినా కిలోమీటరు దూరంలో ఇంకోటి ఉంటుంది. తిరుపతిలో ఆ వెసులుబాటు లేదు.

ప్రొడక్ట్ కంపెనీకి మారడం

సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే ఇలాంటి కంపెనీల్లో జీతం బాగుంటుంది, పనికి అర్థమూ కనిపిస్తుంది. ఒక్క చిక్కు: చాలాచోట్ల అక్కడ మీ కుర్చీయే ఉండదు. పనిని చిన్న చిన్న విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతి ప్రకారం టీమ్‌లో ఉండేది డెవలపర్లు, ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్. ప్రాజెక్ట్ మేనేజర్ అన్న పాత్రే లేదు. పని మాయం కాలేదు, ముగ్గురి మధ్య పంచేశారు. ఏది ముందు చేయాలన్నది ప్రొడక్ట్ ఓనర్‌కి, అడ్డంకులు తీయడం స్క్రమ్ మాస్టర్‌కి, ఎలా చేయాలన్నది టీమ్‌కి.

ఈ మూడింటిలో స్క్రమ్ మాస్టర్ వైపు వెళ్లడం తేలిక, ఒక సర్టిఫికెట్ చాలు. అందుకే అటు పోటీ ఎక్కువ. ఆదేశించే అధికారం ఉండదు, ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు కంపెనీల చూపు ముందుగా పడేదీ ఇలాంటి పాత్రల మీదే. ప్రొడక్ట్ ఓనర్ కావడం కష్టం. వ్యాపారం తెలియాలి, కాదు అనడం రావాలి. కానీ "నేను నిర్ణయించాను" అన్న తృప్తి దొరికేది అక్కడే. పదేళ్లు ఒకే రంగంలో, బ్యాంకింగో ఇన్సూరెన్సో ఆసుపత్రుల సాఫ్ట్‌వేరో, చేసిన మేనేజర్ దగ్గర ఆ రంగం గురించి చాలా సరుకు ఉంటుంది. అయినా రెజ్యూమేలో మాత్రం "స్టేక్‌హోల్డర్లతో సమన్వయం" అని రాసుకుంటాడు. మీరు ఆ కోవలో ఉంటే రెజ్యూమే తిరగరాయండి, రంగం పేరు మొదటి వాక్యంలో పెట్టండి.

తిరుపతిలో కూర్చుని వర్క్ ఫ్రమ్ హోమ్

నలుగురిలో ముగ్గురు కోరుకునేది ఇదే. కోడ్ రాసేవాళ్లకి ఇది బంగారం. మేనేజర్‌కి అంత మంచిది కాదని నా అభిప్రాయం. మేనేజర్‌కి కావాల్సిన అసలు సమాచారం స్టేటస్ కాల్‌లో రాదు. అక్కడ అందరూ "ఆన్ ట్రాక్" అంటారు. టీ తాగుతున్నప్పుడు ఒకడు ముఖం పక్కకి తిప్పుకోవడం, క్యాంటీన్లో ఇద్దరు మాట్లాడుకోవడం మానేయడం, వీటిలో ఉంటుంది. ఆ వాసన అందని చోట కూర్చుంటే మిగిలేది రిపోర్టులు అడగడం. అడిగేకొద్దీ టీమ్‌కి మీరు పోలీసులా కనిపిస్తారు, మీకు మీరు గుమాస్తాలా కనిపిస్తారు. ప్రమోషన్ల చర్చ జరిగే గదిలోనూ మీరుండరు.

రెండు సందర్భాల్లో మాత్రం ఇది బాగా నడుస్తుంది. టీమ్ మొత్తం ఎక్కడివాళ్లు అక్కడే ఉండి పనిచేస్తున్నప్పుడు, లేదా మీ బాస్ కూడా వేరే దేశంలో ఉన్నప్పుడు. అందరూ తెర మీదే కనిపిస్తుంటే మీరొక్కరే దూరం కాదు. అదే పదిమంది ఆఫీసులో కూర్చుని మీరొక్కరే లింకులో చేరుతుంటే ఏడాదికి మించి లాగడం కష్టం.

హైబ్రిడ్, అంటే కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో అంటారా, అప్పుడు దూరాలు చూసుకోవాలి. ఇక్కడ చిత్తూరుకీ తిరుపతికీ చాలా తేడా ఉంది. చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. తిరుపతి నుంచైతే 250 దాకా. అదే చెన్నై అయితే తిరుపతి నుంచి నూట నలభై, నూట యాభై లోపే, సప్తగిరి లాంటి రైళ్లూ ఉన్నాయి. వారానికి రెండు రోజులు ఆఫీసు అంటే చెన్నై-తిరుపతి జోడీ కుదురుతుంది. బెంగళూరు-చిత్తూరు కూడా కష్టంమీద కుదురుతుంది. బెంగళూరు-తిరుపతి మాత్రం రెండు రోజులంటే ఒక రాత్రి అక్కడ పడుకోవాల్సిందే. ఆ గది అద్దె, తిండి, బస్సు కలిపితే ఊళ్లో ఉండి మిగిల్చేది ఎంతో కాగితం మీద వేసుకోండి. ఇంకా ముఖ్యం: హైబ్రిడ్ అన్నది ఆఫర్ లెటర్లో రాసి ఉందా? మేనేజర్ నోటిమాట అయితే ఆ మేనేజర్ మారిన రోజే అది పోతుంది.

ఇక్కడి ఫ్యాక్టరీల్లో ప్రాజెక్టులు

ఈ దారి గురించి ఎక్కువ చెబుతాను. ఐటీలో ఉన్నవాళ్లు దీన్ని బొత్తిగా తక్కువ అంచనా వేస్తారు.

తిరుపతి జిల్లాలో ఫ్యాక్టరీలు మూడు గుంపులుగా ఉన్నాయి. తమిళనాడు సరిహద్దులో సత్యవేడు, వరదయ్యపాలెం దగ్గర శ్రీసిటీ: ఇసుజు, డైకిన్, కోబెల్కో, మాండెలీజ్, మెట్రో రైలు బోగీలు చేసే ఆల్‌స్టామ్. ఆ చుట్టుపక్కలే హీరో మోటోకార్ప్, అపోలో టైర్స్ ప్లాంట్లు. రేణిగుంట, ఏర్పేడు వైపు టీవీలు, డిస్‌ప్లేలు చేసే ఎలక్ట్రానిక్స్ యూనిట్లు. తిరుపతి, రేణిగుంటలకి దగ్గర్లో కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా. వాళ్లదే ఇంకో పెద్ద క్యాంపస్ చిత్తూరు వైపు నూనెగుండ్లపల్లిలో ఉంది.

ఇలాంటి చోట ప్రాజెక్ట్ అంటే ఏమిటి? కొత్త ప్రొడక్షన్ లైన్ వేయడం, ప్లాంట్ విస్తరణ, కొత్త మోడల్‌ని డ్రాయింగ్ నుంచి లైన్ మీదకి తేవడం, పాత యంత్రాలు తీసి ఆటోమేషన్ పెట్టడం, కంపెనీ లెక్కలూ సరుకూ ఒకేచోట నడిపే ఎస్ఏపీ లాంటి సాఫ్ట్‌వేర్ అమలు. సివిల్ కాంట్రాక్టరు ఫౌండేషన్ ఆలస్యం చేస్తే పోర్టులో దిగిన యంత్రం ఎక్కడ పెట్టాలో తెలియదు. కరెంటు లోడ్ మంజూరు కాకపోతే ట్రయల్ జరగదు. యంత్రాన్ని బిగించి నడిపించే కమిషనింగ్‌కి విదేశం నుంచి వచ్చిన ఇంజనీరు వీసా అయిపోతుంది. ఇక్కడ ఆలస్యం ఎక్సెల్‌లో ఎర్ర గడి కాదు, షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఎదురుగా నిలబడి ఉంటుంది. అలాగే పూర్తయిన పని కూడా ఎదురుగానే ఉంటుంది. లైన్ మీద మొదటి మంచి పీస్ వచ్చిన రోజు ఎవరూ ఫీడ్‌బ్యాక్ ఫారం ఇవ్వక్కర్లేదు. పైన చెప్పిన అయిదింటిలో "ఫలితం తెలియడం" అన్నది ఫ్యాక్టరీలో ఉన్నంతగా ఐటీలో ఉండదు.

చిక్కులూ ఉన్నాయి. ఒకటి, జీతం. అదే అనుభవానికి ఐటీ కన్నా తక్కువే ఇస్తారు, వారానికి ఆరు రోజుల పని మామూలు. రెండు, చదువు. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివి ఐటీలోకి వెళ్లినవాళ్లకి తలుపు కొంచెం తెరిచి ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి నేరుగా ప్లాంట్ ప్రాజెక్ట్ ఇవ్వరు. వాళ్లకి ఎస్ఏపీ, ప్రొడక్షన్ డేటా వ్యవస్థలు, ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ ద్వారానే దారి. మూడు, అందరూ మరిచిపోయేది: ప్రాజెక్ట్ అయిపోయాక ఏమిటి? లైన్ నడవడం మొదలయ్యాక కొన్ని కంపెనీలు మిమ్మల్ని మెయింటెనెన్స్‌లోకో ప్రొడక్షన్‌లోకో సర్దుతాయి. ప్రాజెక్టులంటే ఇష్టపడి వచ్చినవాడికి రోజూ ఒకేలా ఉండే ప్రొడక్షన్ టార్గెట్లు శిక్షలా ఉంటాయి. ఇంటర్వ్యూలోనే అడగండి: "ఈ ప్లాంటులో రాబోయే రెండేళ్లలో ఇంకేం ప్రాజెక్టులు ఉన్నాయి? పోయిన ప్రాజెక్ట్ చేసిన మేనేజర్ ఇప్పుడు ఏం చేస్తున్నాడు?" రెండో ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడండి.

విదేశీ కంపెనీలైతే ఇంకో సంగతి. నిర్ణయాలు హెడ్డాఫీసులో జరుగుతాయి, ఇక్కడి మేనేజర్ వార్తాహరుడిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఎంత మొత్తం దాకా ప్లాంట్ స్థాయిలోనే కొనుగోలుకి ఒప్పుకోవచ్చో అడిగితే అసలు అధికారం ఎక్కడుందో తెలిసిపోతుంది.

తిరుపతిలో ఇల్లు, శ్రీసిటీలో ఉద్యోగం అనుకునేవాళ్లు ఒకసారి ఉదయం షిఫ్ట్ టైముకి ఆ దారిలో వెళ్లి చూడండి. ఒకవైపే గంటన్నర దాకా పడుతుంది. అక్కడి మేనేజర్లలో చాలామంది చెన్నై నుంచో, సూళ్లూరుపేట, తడ నుంచో వస్తారు. ఊరికి దగ్గరని వచ్చి రోజుకి మూడు గంటలు బస్సులో గడిపితే బెంగళూరు ట్రాఫిక్ చేసిన పాపమేంటి? ఆ లెక్కన కరకంబాడి, రేణిగుంట వైపు ఉద్యోగానికి కాస్త జీతం తక్కువైనా నేను అటే మొగ్గుతాను.

కన్‌స్ట్రక్షన్ సైట్లు

సివిల్ వాళ్లకి తప్ప ఇది దారి కాదు కాబట్టి క్లుప్తంగా. చెన్నై-బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా మీదుగా వెళుతోంది. తిరుపతిలో ఆసుపత్రులు, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు ఎప్పుడూ లేస్తూనే ఉంటాయి. పని కంటికి కనపడడంలో దీన్ని మించింది లేదు. కానీ మీరు ఎవరి వైపు ఉన్నారన్నదే అన్నీ నిర్ణయిస్తుంది. కాంట్రాక్టరు వైపు ఉంటే పనివాళ్లు, మెటీరియల్, జరిగినంత పనికి విడతగా పెట్టే ఆర్.ఏ. బిల్లు ఎప్పుడు పాసవుతుందన్న బెంగ. ప్రభుత్వ పని అయితే ఆ బెంగ ఇంకా పొడుగు. యజమాని వైపో కన్సల్టెన్సీ వైపో ఉంటే చెప్పే అధికారం ఉంటుంది, చేసిన తృప్తి కొంచెం తగ్గుతుంది. ఊరికి దగ్గర అన్న మాట మాత్రం సైట్ ఉన్నన్నాళ్లే. స్లాబులు అయిపోతే మీ తర్వాతి మకాం ఒడిశాలో ఉండొచ్చు.

మళ్లీ టెక్నికల్ వైపు

అందరూ సిగ్గుపడే దారి ఇది. "మేనేజర్ అయ్యి మళ్లీ కిందకి దిగాడు" అంటారని భయం. పెళ్లి సంబంధాల దగ్గరా, బంధువుల మధ్యా మేనేజర్ అన్న పేరుకున్న విలువ మనవాళ్లకి ఇంకా తగ్గలేదు. ఎంఐటీలో ఎడ్గర్ షీన్ చాలామంది వృత్తి జీవితాల్ని ఏళ్ల తరబడి గమనించి, ప్రతి మనిషికీ వదులుకోలేని ఒక అంశం ఉంటుందని తేల్చాడు. కొందరికి అది అధికారం, కొందరికి స్వేచ్ఛ, కొందరికి భద్రత, కొందరికి తమ విద్యలో నేర్పు. చివరి రకం మనిషిని మేనేజర్ చేస్తే ఎంత జీతమిచ్చినా వాడికి ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

మీరు ఆ రకమో కాదో తెలుసుకోవడం కష్టం కాదు. టీమ్‌లో ఒక కఠినమైన సమస్య వచ్చినప్పుడు మీకు ముందు తోచేది ఏమిటి? ల్యాప్‌టాప్ లాక్కుని నేనే చూస్తాననా, దీనికి సరైన మనిషి ఎవరనా? మొదటిదైతే మీరు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ వైపు వెళ్లాల్సిన మనిషి. ఆలస్యం చేయకండి. మేనేజర్‌గా రెండు మూడేళ్లయితే తిరిగి వెళ్లడం కష్టమేమీ కాదు, ఎనిమిదేళ్లయితే ఇంటర్వ్యూలో మీ ముందు కూర్చునేది మీ కన్నా పదేళ్లు చిన్నవాడు, అడిగేవి మీరు వదిలేశాక వచ్చిన సంగతులు.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుందాం అనుకునేవాళ్లు ముందు కావాల్సిన డిగ్రీలు, అక్కడి జీతాలు కనుక్కుని తర్వాత కలలు కనండి. వారాంతంలో గెస్ట్ లెక్చర్లు ఇవ్వడం మాత్రం మంచి అలవాటు, మీకేం వచ్చో మీకే తెలుస్తుంది. ఇక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, హోటల్, డెయిరీ పెడదామన్నవాళ్లకి నేను చెప్పగలిగేది లేదు. అది ఉద్యోగం మార్చడం కాదు, జీవితం మార్చడం.

పీఎంపీ చేస్తే బాగుపడతామా?

ఎక్కువగా అడిగే ప్రశ్న కాబట్టి సూటిగా చెబుతాను. పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్, అమెరికాలోని పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) 1984 నుంచి ఇస్తున్న సర్టిఫికెట్ ఇది. డిగ్రీ ఉన్నవాళ్లకి 36 నెలల పాటు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. ఒకసారి రాసి ఊరుకుంటే కుదరదు, మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్నందుకూ వృత్తికి చేసిన పనికీ ఇచ్చే పాయింట్లు) చూపించి కొనసాగించుకోవాలి. పరీక్ష ఖర్చు కంపెనీ పెడుతుందేమో ముందు కనుక్కోండి, చాలా కంపెనీలు పెడతాయి.

దీనివల్ల అసలు ఉపయోగం రంగం మారేటప్పుడు. ఐటీ నుంచి తయారీ రంగానికో, ఇక్కడి నుంచి గల్ఫ్‌కో వెళ్లేటప్పుడు మీ అనుభవాన్ని అవతలివాడికి అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. అదే కంపెనీలో, అదే అకౌంట్‌లో ఉంటూ గుర్తింపు కోసం రాస్తే మెయిల్ సంతకంలో మూడక్షరాలు పెరుగుతాయి. మీ మాటకి విలువ ఇవ్వని డైరెక్టరు పీఎంపీ చూసి ఇవ్వడం మొదలుపెట్టడు.

డబ్బు, తేదీలు

నిర్ణయం అయ్యాక కూడా తొందరపడి నష్టపోయేవాళ్లున్నారు. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ అయిదేళ్ల సర్వీసు నిండితేనే. లెక్క సులువు: చివరి నెల వేతనాన్ని (చట్టం లెక్కలోకి తీసుకునేది, ముఖ్యంగా బేసిక్, డీఏ) 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆ వేతనం 60,000 ఉండి ఆరేళ్లు చేసినవాడికి 2,07,000 పైనే వస్తుంది. నాలుగున్నరేళ్లకి విసుగెత్తి వెళ్లిపోతే మామూలుగా ఏమీ రాదు. ఐటీలో నోటీసు ఎక్కువగా అరవై నుంచి తొంభై రోజులు. ఫ్యాక్టరీ వాళ్లు అంతకాలం ఆగకపోవచ్చు, మిగిలిన రోజులకి డబ్బు కట్టి బయటపడే వీలుందా, అది ఎవరు కడతారు అన్నది ఆఫర్ దశలోనే తేల్చుకోవాలి. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే చేతికి వచ్చే నెల ఏదో చూసుకుని రాజీనామా ఇవ్వండి.

ఆఫర్లను పోల్చేటప్పుడు మొత్తం ప్యాకేజీని పక్కపక్కన పెట్టి మోసపోకండి. చేతికొచ్చే నెల జీతం రాసి, అందులోంచి ఇంటి అద్దె, ఈఎంఐ, స్కూలు ఫీజు, రాకపోకలు తీసేసి మిగిలింది పోల్చండి. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకి ఇక్కడ తేడా బాగా తగ్గిపోతుంది, లేనివాళ్లకి అంతగా తగ్గదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే రెండో జీతం సంగతి కూడా ఈ కాగితం మీదే రాయాలి. మగవాడి ఉద్యోగం చూసి ఊరు మారి, ఆమె ఉద్యోగం మానేయాల్సి వస్తే ఆ అసంతృప్తి ఎవరి ఖాతాలో వేస్తారు? ప్రాజెక్ట్ మేనేజర్ ఆమే అయితే ఈ ప్రశ్న ఇంట్లో తప్పకుండా వస్తుంది. ఆయన విషయంలోనూ రావాలి.

పిల్లలు హైస్కూల్లో ఉంటే కొత్త చేరిక జూన్‌కి ముందే కుదిరేలా చూసుకోండి. తొంభై రోజుల నోటీసు ఉన్నవాళ్లు అంటే ఫిబ్రవరి చివరికల్లా ఆఫర్ చేతిలో ఉండాలి. ఆ లెక్కన ఇంటర్వ్యూలు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడే మొదలుపెట్టడం మేలు. ప్లాంటు చూపించమని కూడా అప్పుడే అడగండి, సెలవు దొరకదన్న ఇబ్బంది ఉండదు.